కొండగట్టు కింద చెర్రీ చెట్టు కాస్తదా?

నా వెనుక కనిపిస్తున్న గుట్ట కొండగట్టు. పైన అంజన్న గుడి. మధ్యమధ్యలో కిచకిచమని వినపడుతున్నవి కోతులు. ఈ ఎపిసోడ్‌లో వాటికీ పాత్ర ఉంది కాబట్టి ఆ సౌండ్ ఎడిట్ చేయలేదు, అట్లనే ఉంచాను.

చాలామంది మెసేజ్‌లలో ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఆన్‌లైన్‌లో చెర్రీ మొక్క చూసిన, మన ఇంట్ల పెడితే కాస్తదా?" ఒక్క ముక్కలో చెప్పాలంటే ఫోటోలో చూసిన ఆ చెర్రీ మన దగ్గర కాయదు. కానీ చెర్రీ అని పిలిచే ఇంకో రెండు మూడు చెట్లు మన ఎండలో బ్రహ్మాండంగా కాస్తాయి. ఏది ఏదో తెలియక నేను ఒక మొక్కను చంపుకున్నాను, చిన్నపిల్లకు ఇచ్చిన మాట తప్పేదాకా వచ్చాను. ముందు ఆ సంగతి చెప్తా, తర్వాత పెంపకం చెప్తా.

మా అన్న దుబాయిలో పని చేస్తాడు. మా జగిత్యాల దిక్కు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు, అది మీకు కొత్త కాదు. రెండేళ్ళకోసారి లీవ్ మీద వస్తాడు. మూడేళ్ళ కింద ఆయన ఫోన్‌లో ఒక యాడ్ చూశాడు. కుండీలో మూడడుగుల మొక్క, దానికి గుత్తులు గుత్తులుగా ఎర్రటి చెర్రీలు. "ఏ వాతావరణంలోనైనా పెరుగుతుంది, మొదటి ఏడాదే పండ్లు" అని రాసి ఉంది. అన్న బిడ్డకు అప్పుడు ఆరేళ్ళు, కేక్ మీది చెర్రీ అంటే ప్రాణం. బిడ్డ పుట్టినరోజుకు ఆ మొక్క ఆర్డర్ పెట్టి, వీడియో కాల్‌లో చెప్పాడు. "నేను వచ్చేసరికి దీనికి పండ్లు కాయాలె. నువ్వే నీళ్ళు పోయాలె. సరేనా?"

డిసెంబర్‌లో అట్టపెట్టెలో మొక్క వచ్చింది. మొక్క అంటే ఆకుల్లేని ఒక పుల్ల. రూ.650. బిడ్డ దానికి రోజూ చెంబుతో నీళ్ళు పోసింది, స్కూలుకు పోయేముందు ఒకసారి, వచ్చినంక ఒకసారి. ఫిబ్రవరిలో పై కొసన నాలుగు ఆకులు వచ్చాయి. కింద కొమ్మ అంతా మూగగా ఉండిపోయింది. మార్చిలో ఆకుల అంచులు కాలినట్టు అయ్యాయి. చైత్ర పౌర్ణమికి కొండగట్టులో చిన్న జయంతి అవుతుంది కదా, దీక్ష స్వాములు వేలల్లో నడిచి వస్తుంటారు. సరిగ్గా ఆ రోజు నేను గోరుతో బెరడు గీకి చూశాను. లోపల పచ్చదనం లేదు. మొక్క చచ్చిపోయింది.

అమ్మినవాళ్ళకు మెసేజ్ పెడితే "నీళ్ళు సరిగ్గా పోయలేదు" అని రిప్లై వచ్చింది. ఆ మెసేజ్ నేను బిడ్డకు చూపించలేదు. ఎందుకంటే ఆమె పోయాల్సినదానికంటే ఎక్కువే పోసింది.

ఇప్పుడు అసలు కారణం చూద్దాం. వచ్చిన మొక్క నకిలీ కాదు. అది నిజమైన చెర్రీయే. ఆకు అంచు రంపం పళ్ళలా ఉంది. ఆకు కాడ మీద, ఆకు మొదలయ్యే చోట, రెండు చిన్న బుడిపెలు ఉన్నాయి. అవి చెర్రీ జాతి గుర్తు. మొక్క పేరు నిజం, "ఏ వాతావరణంలోనైనా" అన్న మాట అబద్ధం.

చెర్రీకి చలి తిండి లాంటిది. దాని పూమొగ్గలు అంతకు ముందు వేసవిలోనే తయారై, చలికాలమంతా నిద్రపోతాయి. ఆ నిద్ర పూర్తి కావాలంటే సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలు తగలాలి. మామూలు తీపి చెర్రీ రకాలకు 800 నుంచి 1000 గంటల దాకా కావాలి. 1000 గంటలంటే రాత్రీ పగలూ కలిపి దాదాపు 42 రోజులు. చెట్టు ఆ గంటలు లెక్కపెట్టుకుంటుంది. లెక్క పూర్తయితేనే "చలికాలం అయిపోయింది, ఇక లేవచ్చు" అనుకుంటుంది. లెక్క తక్కువైతే సగం నిద్రలోనే ఉంటుంది. అక్కడో ఆకు, ఇక్కడో ఆకు వస్తుంది, పువ్వు రాదు. మా మొక్కకు జరిగింది అదే.

మీరు అడగొచ్చు, "ఆదిలాబాద్‌లో చలి గట్టిగానే ఉంటది కదా?" ఉంటుంది. కొన్నేళ్ళు తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గరికి కూడా పడుతుంది. కానీ అది కొన్ని గంటలే. మధ్యాహ్నానికి మళ్ళీ చొక్కా చేతులు మడుచుకునేంత ఎండ. ఆ వెచ్చదనం రాత్రి కూడబెట్టిన చలిని కొంత చెరిపేస్తుంది కూడా. ఆ పైన ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు. చలిదేశపు వేరు ఆ వేడిని తట్టుకోలేదు. అందుకే మన దేశంలో చెర్రీ ఎక్కువ భాగం కశ్మీర్‌లో పండుతుంది, తర్వాత హిమాచల్‌లో సిమ్లా చుట్టుపక్కల.

తక్కువ చలికి కాసే రకాలు లేవా అంటే ఉన్నాయి. కాలిఫోర్నియాలో మిన్నీ రాయల్, రాయల్ లీ అని రెండు రకాలు తయారుచేశారు. వాటికి 200 నుంచి 300 గంటలు చాలు. ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి కావాలి కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టాలి. ఆ వైపు ఉంటూ ఈ వీడియో చూస్తున్న మనవాళ్ళు పెరట్లో ఆ జంట పెట్టుకోవచ్చు. కొండగట్టు దగ్గర 300 గంటలు కూడా లేవు. కుండీలో మంచుగడ్డలు వేస్తే అవుతుంది అని చెప్పే వీడియోలు చూశాను. మంచు వేర్ల దగ్గర కరుగుతుంది, చలి కావాల్సింది మొగ్గలకు. నమ్మకండి.

మళ్ళీ మా ఇంటికి వద్దాం. మొక్క చచ్చిపోయిందని బిడ్డకు ఎట్ల చెప్పాలి? అన్న ఫోన్‌లో "ఇప్పుడే చెప్పకురా, ఏడుస్తది" అన్నాడు. వదినకు ఒక ఐడియా వచ్చింది. బేకరీ నుంచి చెర్రీలు తెచ్చి దారంతో కొమ్మకు కడదామంది. నేను సరే అని బేకరీకి పోయి చిన్న డబ్బా తెచ్చాను కూడా. ఇంట్లో ఒకటి కోసి చూస్తే నాకు అనుమానం వచ్చింది. చెర్రీలో ఒకటే గట్టి గింజ ఉండాలి. ఇది మధ్యకు చీరి గింజలు తీసిన పండులా ఉంది. మా అమ్మ నోట్లో వేసుకొని, "ఇది చెర్రీ ఏందిరా, మన కలెపండు లెక్కున్నది" అంది.

ఆమె చెప్పింది నిజం. మన బేకరీల్లో కేకుల మీద, బన్నుల్లో వేసే ఆ ఎర్రటి చెర్రీలు చాలా వరకు వాక్కాయలే. మా దిక్కు కలెపండ్లు అంటారు. గింజలు తీసి, చక్కెర పాకంలో నానబెట్టి, రంగు వేస్తారు. వాక్కాయ పప్పు, వాక్కాయ పులిహోర తినే మనం, అదే కాయను చెర్రీ పేరు మీద పైసలు పెట్టి కొంటున్నాం.

ఇక ఆ డబ్బా చేతిలో పెట్టుకొని నేను దారం కట్టలేకపోయాను. అబద్ధపు చెట్టుకు అబద్ధపు పండు. రేపు ఆ పిల్ల పెద్దయి ఇదంతా తెలుసుకుంటే మా మాట ఇంకెప్పుడైనా నమ్ముతుందా? బిడ్డను పిలిచి పుల్ల చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. "నువ్వు నీళ్ళు పోసుడు తప్పు కాదు. ఈ చెట్టుకు చలి కావాలె. మన దగ్గర అంత చలి లేదు. ఎండకు ఆగలేకపోయింది."

ఏడ్వలేదు. కాసేపు ఆలోచించి అడిగింది. "బాబాయ్, నాన్న ఉన్న దగ్గర కూడా గట్టి ఎండనే ఉంటది గదా. మరి నాన్న ఎట్ల ఆగుతుండు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అన్నకు ఫోన్ చేసి ఆ మాట చెప్తే, ఆయన కూడా చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మన ఎండల కాసే చెర్రీ ఏదన్న ఉందేమో చూడురా" అన్నాడు. అట్ల మొదలైంది నా వెతుకులాట.

సరే, ఇప్పుడు నోట్స్ రాసుకునేవాళ్ళు రాసుకోండి. మన నర్సరీల్లో చెర్రీ పేరుతో దొరికేవి ముఖ్యంగా మూడు.

మొదటిది బార్బడోస్ చెర్రీ. వెస్టిండియన్ చెర్రీ, అసెరోలా అని కూడా అంటారు. కరీబియన్ దీవులు, మధ్య అమెరికా దీని సొంత ఊరు. ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి, అంచు నున్నగా ఉంటుంది. పువ్వు లేత గులాబీ రంగు. పండు ఎర్రగా, మూడు భాగాలుగా లైట్‌గా గీతలు కనిపిస్తాయి. రెండోది సింగపూర్ చెర్రీ. ఇది గొడుగులా పరుచుకునే చెట్టు, ఆకు పట్టుకుంటే నూగుతో జిగురుగా తగులుతుంది, పండు చిన్నగా చాలా తియ్యగా ఉంటుంది. చాలా వేగంగా పెరుగుతుంది, కొమ్మ మాత్రం మెత్తన, గాలివానకు విరుగుతుంది. ఇంటి గోడకు, కరెంటు తీగలకు దూరంగా పెట్టాలి. మూడోది సురినామ్ చెర్రీ, దీని పండు చిన్న గుమ్మడికాయలా గాడులు గాడులుగా ఉంటుంది. బొటనీ ప్రకారం ఈ మూడింటిలో ఒక్కటీ అసలు చెర్రీ కుటుంబం కాదు. చుట్టరికం పేరు మీదనే.

నేను బార్బడోస్ చెర్రీ ఎంచుకున్నాను. ఒక కారణం, ఇది పొదలా ఉంటుంది, కత్తిరించి మన ఎత్తులో ఉంచుకోవచ్చు. ఇంకో కారణం విటమిన్ సి. 1946లో ప్యూర్టోరికో శాస్త్రవేత్తలు ఈ పండులో విటమిన్ సి అసాధారణంగా ఎక్కువుందని బయటపెట్టారు. 100 గ్రాముల పండులో 1000 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. నారింజలో అదే 50 చుట్టుపక్కల. పచ్చిగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ, మాగుతున్న కొద్దీ తగ్గుతుంది. ఇంత మంచి పండు మార్కెట్లో ఎందుకు లేదంటే, కోసిన రెండు మూడు రోజుల్లో పాడైపోతుంది. అంటే ఇది దుకాణంలో అమ్మే పండు కాదు, ఇంట్లో పెంచుకున్నవాళ్ళు తినే పండు.

పెంపకం. గింజ వేసి టైమ్ వేస్ట్ చేసుకోకండి, సరిగ్గా మొలవవు. కొమ్మ కత్తిరింపుతోనో, గూటీ కట్టో చేసిన మొక్క కొనండి. తొందరగా కాపుకొస్తుంది. ఎండాకాలంలో నాటొద్దు. తొలకరి పడి నేల చల్లబడ్డాక, జూలైలో నాటండి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంత తీయండి. మాది నల్లరేగడి, నీళ్ళు నిలుస్తాయి. ఈ మొక్క వేర్లకు నిలువ నీళ్ళు పడవు. అందుకే ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు దోసిళ్ళ వేపపిండి కలిపి నింపి, చుట్టూ నేలకంటే జానెడు ఎత్తు గద్దెలా చేసి దాని మీద నాటాను. కుండీ అయితే 18 అంగుళాలకు తక్కువ వద్దు, అడుగున రంధ్రాలు తప్పకుండా చూసుకోండి.

దీనికి ఎక్కువగా వచ్చే సమస్య వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు. వేపపిండి వేసేది అందుకే. చుట్టూ బంతి నాటినా వాటి జోరు తగ్గుతుంది. బతుకమ్మకు పువ్వులూ దొరుకుతాయి, ఒక్క దెబ్బకు రెండు పనులు. లేత కొమ్మల మీద తెల్లగా దూదిలా పిండినల్లి వస్తే, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి. కొందరికి లేత ఆకుల నూగు తగిలితే దురద వస్తుంది. కత్తిరించేటప్పుడు ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి.

మొదటి వేసవి మాత్రం పసిబిడ్డను చూసుకున్నట్టు చూడాలి. పడమటి ఎండ తగలకుండా గ్రీన్ నెట్ కట్టండి, మొదట్లో ఎండుటాకులు నాలుగు వేళ్ళ మందం పరచండి. నీళ్ళు రోజూ కొన్ని కొన్ని కాదు, రెండు మూడు రోజులకోసారి నిండుగా పోయండి. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే పోయాలి.

ఇంకో కిటుకు. ఈ చెట్టుకు చలి అక్కర్లేదు, దప్పిక కావాలి. కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించి, ఆకు కొంచెం వాడినట్టయ్యాక నిండుగా తడి పెడితే కొత్త చిగుళ్ళతో పూత వస్తుంది. వానాకాలం మొదట్లో ఇది దానంతట అదే జరుగుతుంది. పూసిన దగ్గర్నుంచి మూడు నాలుగు వారాల్లో పండు. ఏడాదిలో ఒకటికంటే ఎక్కువసార్లు కాపు వస్తుంది.

ఇంతా చేస్తే మాకేమైంది? నాటిన మరుసటి ఏడాది వానలకు పూసింది. పది పదిహేను కాయలు ఎర్రబడ్డాయి. బిడ్డ ఆదివారం కోస్తానంది. శనివారం పొద్దున చూస్తే ఒక్కటి లేదు. రెండు కొమ్మలు కూడా విరిగాయి. గోడ మీద అంజన్న సైన్యం కూర్చొని ఉంది.

నాకు బాగా కోపమొచ్చింది, కట్టె పట్టుకున్నాను. మా అమ్మ చెయ్యి పట్టుకుంది. "కొట్టకురా, స్వామి కోతులు." నేను గట్టిగానే అన్నాను. "స్వామి కోతులైతే గుట్ట మీద ఉండాలె గని మన ఇంట్ల ఏం పని?" ఆమె అంది, "గుట్ట మీద మొర్రిపండ్లు, తునికిపండ్లు, కలెపండ్లు ఉండేటియి. మేము చిన్నప్పుడు గంపలకొద్దీ తెచ్చుకునేటోళ్ళం. ఇప్పుడు ఏమున్నయి? భక్తులు ఇచ్చే అరటిపండ్లకు అలవాటు పడ్డయి. దొరకని నాడు ఊళ్ళకొస్తయి."

ఆమె మాట కొట్టేయలేకపోయాను. 2015లో హరితహారం మొదలైనప్పుడు వానలు తిరిగి రావాలి, కోతులు తిరిగి అడవికి పోవాలి అన్న మాట ఊరూరా వినపడింది. 2020లో నిర్మల్ జిల్లా చించోలి దగ్గర కోతుల పునరావాస కేంద్రం కూడా తెరిచారు. కానీ అడవిలో పండు లేకుండా కోతిని అడవిలో ఉండమంటే ఎట్ల ఉంటుంది? మక్క చేను వేసుకునే రైతుకు ఇది నా పది కాయల బాధ కాదు, బతుకు బాధ.

మేము చేసింది ఇది. చెట్టును ఐదడుగుల ఎత్తుకు కత్తిరించి, నాలుగు ఇనుప పైపులు పాతి, చుట్టూ పైనా ఇనుప జాలీ బిగించాం. నైలాన్ నెట్ పని చేయదు, చింపేస్తాయి, పిట్టలు కూడా చిక్కుకుంటాయి. తేనెటీగలు దూరేంత కన్ను ఉన్న జాలీ తీసుకోండి. కాయ సగం ఎర్రబడగానే కోసేయండి. పెరటి కంచె పొడుగునా వాక్కాయ మొక్కలు నాటాం. ముళ్ళ పొద, నీళ్ళు పెద్దగా అడగదు, ఎండకు భయపడదు. మా దగ్గర ఆ వైపు నుంచి కోతులు రావడం తగ్గింది. బయట కాసిన వాక్కాయలు వాటికి వదిలేస్తున్నాం. జాలీలోవి మావి. మా అమ్మ పెట్టిన ఒప్పందం ఇది.

పోయిన ఏడాది ఆగస్టులో అన్న వచ్చాడు. జాలీలో పద్దెనిమిది కాయలు. బిడ్డ లెక్కపెట్టి ఉంచింది. అన్న ఎయిర్‌పోర్టులో ఒక డబ్బా అసలు చెర్రీలు కూడా కొనుక్కొచ్చాడు. రెండూ ఒకే పళ్ళెంలో పెట్టుకొని అందరం తిన్నాం. నిజం చెప్పాలి కదా, మాది అంత తియ్యగా లేదు. పుల్లపుల్లగా, లోపల మూడు గింజలు. అన్న ఒక కన్ను మూసి, మొహం చిన్నగా చేసి, "ఇది మన చింతకాయ లెక్కున్నదిగదనే" అన్నాడు. బిడ్డ నవ్వి, "ఎండకు ఆగినది నాన్నా ఇది" అంది. అన్న ఇంకో నాలుగు తిన్నాడు. లీవ్ అయిపోయి పోయేటప్పుడు వాక్కాయ తొక్కు సీసా ఒకటి, ఈ చెర్రీల జామ్ చిన్న సీసా ఒకటి బ్యాగ్‌లో పెట్టుకున్నాడు.

కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆన్‌లైన్‌లో మొక్క కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. దీని పూర్తి శాస్త్రీయ నామం ఏమిటి? దీనికి చలి గంటలు కావాలా? ఇది అంటు మొక్కా, గింజ మొక్కా? జవాబు చెప్పనివాళ్ళ దగ్గర కొనొద్దు. డౌట్ ఉంటే మీ మండలంలోని ఉద్యాన అధికారిని అడగండి. మా దగ్గరివాళ్ళకైతే జగిత్యాల పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది.

ఈ వానాకాలం మీకు జాగా ఉంటే ఒక బార్బడోస్ చెర్రీ, జాగా లేకున్నా కంచెకు ఒక వాక్కాయ పెట్టండి. గుట్టల పక్కన ఉండేవాళ్ళు రెండు వాక్కాయలు పెట్టండి, ఒకటి మీకు, ఒకటి వాటికి. వచ్చే ఎపిసోడ్‌లో వాక్కాయలతో ఇంట్లోనే రంగు వేయకుండా బేకరీ చెర్రీ ఎట్ల చేయాలో మా అమ్మే చూపిస్తుంది. ఉంటాను మరి, నమస్తే.